దున్నని నేలను నమ్ముకున్న రెక్కలు: ప్రెయిరీ స్కిప్పర్ సీతాకోకచిలుకలు, వాటి గడ్డినేలలు

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో గ్రినెల్ అనే చిన్న పట్టణం ఉంది. దాని పరిసరాల్లోని ప్రెయిరీలు అనే సహజ గడ్డినేలల్లో దొరికిన ఒక చిన్న ముదురు గోధుమరంగు సీతాకోకచిలుకను 1870లో హెన్రీ పార్కర్ కొత్త జాతిగా వర్ణించి, ఆ పట్టణం ఉన్న పవషీక్ కౌంటీ పేరునే దానికి పెట్టాడు. ఆ కౌంటీకి ఆ పేరు మెస్క్వాకీ జాతి నాయకుడు పవషీక్ నుంచి వచ్చింది. 1842 ఒప్పందంతో మెస్క్వాకీలు ఆ భూమిని వదులుకోవలసి వచ్చింది, 1843లో కౌంటీ ఏర్పడింది, 1845 నాటికి వాళ్లు అక్కడి నుంచి వెళ్లిపోవలసిందేనని గడువు పెట్టారు. అంటే భూమిని తీసుకున్నాక ఆ భూమికి వాళ్ల నాయకుడి పేరు పెట్టారు, తరువాత ఆ పేరే సీతాకోకచిలుకకు వచ్చింది. ఇప్పుడు పవషీక్ కౌంటీలో ఆ సీతాకోకచిలుక, అంటే పవషీక్ స్కిప్పర్లింగ్, లేదు. అయోవాలో ఎక్కడా లేదు. ఒకప్పుడు ఇల్లినాయ్, ఇండియానా, మినెసోటా, విస్కాన్సిన్, ఉత్తర డకోటా, దక్షిణ డకోటా రాష్ట్రాల్లోనూ ఎగిరిన ఈ జాతి ప్రకృతిసిద్ధంగా మిగిలి ఉన్నది రెండే చోట్ల: మిషిగన్ రాష్ట్రం ఓక్లాండ్ కౌంటీలోని కొద్దిపాటి చిత్తడి గడ్డినేలల్లో, కెనడాలోని మానిటోబా రాష్ట్రపు ఆగ్నేయ మూలన ఉన్న పొడవుగడ్డి ప్రెయిరీ రక్షిత ప్రాంతంలో.

గడ్డినేలలను దున్నేశారు కాబట్టి వాటిలో బతికే పురుగు పోయిందనుకోవడం సహజం. ఆ జవాబులో సగమే నిజం ఉంది. అయోవా, ఇల్లినాయ్ గడ్డినేలల్లో చాలా భాగం పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే నాగలి కిందికి పోయింది. ఆ తరువాత వందేళ్ల పాటు, పొలాల మధ్య దున్నకుండా మిగిలిన చిన్న చిన్న తునకల మీద ఈ సీతాకోకచిలుక బతికింది. 1990లలో కూడా మినెసోటాలో ప్రెయిరీకి మాత్రమే పరిమితమైన సీతాకోకచిలుకల్లో తేలిగ్గా కనిపించేది ఇదేనని పరిశీలకులు భావించేవారు. ఆ తరువాత పది పదిహేనేళ్లలో, రక్షిత ప్రాంతాలుగా ప్రకటించి కంచె వేసి కాపాడుతున్న నేలల నుంచి సైతం అది మాయమైపోయింది. నాగలి వచ్చిన వందేళ్లకు, నాగలి తగలని చోట్ల ఇలా జరగడమే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ఈ సీతాకోకచిలుకకు కావలసింది గడ్డా, లేక గడ్డి కన్నా లోతైనదేదైనా ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

స్కిప్పర్లు హెస్పీరిడే అనే కుటుంబానికి చెందిన సీతాకోకచిలుకలు. లావుపాటి ఒళ్లు, దానితో పోలిస్తే పొట్టి రెక్కలు, కొస దగ్గర కొక్కెంలా వంగిన మీసాలు వీటి గుర్తులు. తేలుతూ ఎగరవు, ఒక పువ్వు మీద నుంచి మరో పువ్వు మీదికి విసిరినట్టు దూకుతాయి. అందుకే ఇంగ్లిషువాళ్లు వీటిని స్కిప్పర్లు, అంటే గెంతేవి, అన్నారు. గడ్డి మేసే స్కిప్పర్లలో చాలావాటిది ఒక విచిత్రమైన భంగిమ: ఎండ కాచుకునేటప్పుడు వెనక రెక్కలను నేలకు సమంగా పరిచి, ముందు రెక్కలను ఏటవాలుగా పైకెత్తి పెడతాయి. ఈ కుటుంబం తెలుగు నేలకు కొత్తది కాదు. వరి ఆకును పట్టుతో చుట్టగా కుట్టుకుని లోపల దాక్కునే పచ్చటి గొంగళిపురుగుల్లో స్కిప్పర్ల పిల్లలూ ఉంటాయి. పైరగాలికి వరిచేల మీద చురుగ్గా ఎగిరే చిన్న గోధుమరంగు సీతాకోకచిలుకలు వాటి పెద్దవే. వరి కూడా ఒక గడ్డే కాబట్టి, ఏటేటా దున్ని నాటే గడ్డి మీద హాయిగా బతకగల స్కిప్పర్లూ ఉన్నాయన్న సంగతి దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉత్తర అమెరికాలోనూ అలాంటివి ఉన్నాయి. 1910లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం లండన్ పట్టణం దగ్గర యూరోపియన్ స్కిప్పర్ అనే జాతి మొదటిసారి కనిపించింది. యూరప్ నుంచి అనుకోకుండా వచ్చిపడిన ఈ జాతి పశువుల మేత కోసం పెంచే తిమోతీ గడ్డిని తింటుంది, చలికాలాన్ని గుడ్డు దశలో గడుపుతుంది. ఎండుగడ్డి మోపులతో పాటు గుడ్లు కూడా రైళ్లెక్కి, లారీలెక్కి ఊళ్లు దాటాయి. ఈనాడు ఖండంలో చాలా భాగాన, రోడ్ల పక్కన, మేత బీళ్లలో అది లెక్కలేనంతగా కనిపిస్తుంది. ఒకే కుటుంబం, దాదాపు ఒకే పరిమాణం, రెండూ గడ్డి తినేవే. ఒకటి ఖండమంతా పాకింది, మరొకటి రెండు మూలలకు కుదించుకుపోయింది. తేడా ఏ గడ్డి అన్నదానిలో కొంత ఉంది, ఆ గడ్డి కింద నేల ఎన్నేళ్ల నాటిది అన్నదానిలో అంతకన్నా ఎక్కువ ఉంది.

పొడవుగడ్డి ప్రెయిరీ ఒకప్పుడు మానిటోబా నుంచి టెక్సాస్ దాకా సుమారు 17 కోట్ల ఎకరాల్లో పరుచుకుని ఉండేది. రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపినా దానిలో సగానికి తక్కువే. ఇప్పుడు మిగిలింది 4 శాతం కన్నా తక్కువ. ఆ మిగిలినదాంట్లోనూ పెద్ద భాగం కాన్సస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్‌లో ఉంది. అక్కడ పైపైనే సున్నపురాయి, చెకుముకిరాయి తగులుతాయి కాబట్టి నాగలి దిగలేదు. నల్లమట్టి లోతుగా ఉన్న అయోవాలో వెయ్యి ఎకరాల ప్రెయిరీకి ఒక ఎకరం కూడా మిగల్లేదు. తరతరాల గడ్డివేళ్లు కుళ్లి తయారైన ఆ మట్టి పాత ఇనుప నాగళ్లకు అంటుకుపోయి రైతులను విసిగించేది. 1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ నునుపైన ఉక్కు నాగలి తయారుచేశాక మట్టి దానంతట అదే జారిపోవడం మొదలైంది. ఆ తరువాత రైలు వచ్చింది, చిత్తడి నేలల నీటిని లాగేసే మట్టి గొట్టాలు భూమిలోకి దిగాయి. ఒక మనిషి జీవితకాలంలో ఇంత పెద్ద నేల రూపం మారిపోయిన సందర్భాలు చరిత్రలో అరుదు.

ఆ నేలలో ఏముందో గమనిస్తే స్కిప్పర్ల కథ అర్థమవుతుంది. ప్రెయిరీ ప్రధాన గడ్లైన బిగ్ బ్లూస్టెమ్, లిటిల్ బ్లూస్టెమ్ బహువార్షికాలు. మన జొన్న, చెరకు ఏ గడ్డి తెగకు చెందినవో ఇవీ ఆ తెగకే చెందుతాయి. పైకి కనిపించే గడ్డి కన్నా నేలలో వేళ్లే ఎక్కువ. ప్రతి దుబ్బు ఏళ్ల తరబడి ఒకే చోట గుబురుగా పెరుగుతుంది. దుబ్బు మొదట్లో ఎండిన పాత ఆకులు, కొత్త మొలకలు, మట్టి కలిసిన చోట గాలి ఆడని, తేమ ఆరని ఒక చిన్న గూడు ఏర్పడుతుంది. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య ఖాళీల్లో పూలమొక్కలు ఉంటాయి. నాగలి ఒక్కసారి తిరిగితే ఈ అమరిక అంతా పోతుంది, తిరిగి విత్తనం చల్లితే గడ్డి వస్తుంది గాని ఆ అమరిక అంత త్వరగా రాదు. పాత పొలాల్లో ప్రెయిరీ విత్తనాలు చల్లి పునరుద్ధరించిన చోట్ల పూలు విరగబూస్తాయి, తేనెటీగలు వస్తాయి, సాధారణ సీతాకోకచిలుకలూ వస్తాయి. ప్రెయిరీ స్కిప్పర్లు మాత్రం అరుదుగా తప్ప రావు.

డకోటా స్కిప్పర్ ఏడాది జీవితాన్ని చూస్తే దీనికి కారణం కళ్లకు కడుతుంది. ఇది బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దదిగా, పసుపు కలిసిన నారింజ రంగులో ఉండే జాతి. పెద్ద సీతాకోకచిలుకలు జూన్ మధ్య నుంచి జులై మధ్య దాకా మాత్రమే ఎగురుతాయి. ఒక్కొక్కటి బతికేది మహా అయితే మూడు వారాలు. ఆ కొద్ది రోజుల్లో అవి జత కట్టి, గడ్డి ఆకుల మీద, పూలమొక్కల ఆకుల అడుగున గుడ్లు పెడతాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన లార్వా, అంటే గొంగళిపురుగు, దుబ్బు మొదట్లోకి దిగి, మట్టి ఉపరితలం దగ్గరే పట్టుతో గూడు అల్లుకుంటుంది. రాత్రిపూట బయటికి వచ్చి గడ్డి ఆకును కొరికి గూటిలోకి లాక్కుని తింటుంది. ఆకురాలు కాలం దాకా తిని, పెద్దదైన కొద్దీ గూటిని మట్టిలోకి దించుకుని, గడ్డకట్టే చలిలో ఆ గూటిలోనే నిద్రపోతుంది. వసంతంలో లేచి మళ్లీ తిని, జూన్‌లో ప్యూపాగా మారి, తరువాత రెక్కలతో బయటపడుతుంది. అంటే మనం సీతాకోకచిలుక అని పిలిచే రూపం ఏడాదిలో మూడు వారాలది. మిగతా నలభై తొమ్మిది వారాలు ఈ జీవి కదలకుండా ఒకే గడ్డిదుబ్బును అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ నలభై తొమ్మిది వారాల్లో ఎప్పుడు ఆ దుబ్బు కాలినా, మొదలంటా మేసేసినా, నీట మునిగినా, మందు పడినా అది తప్పించుకోలేదు.

ఉత్తర డకోటాలో ఈ జాతి మీద పనిచేసిన రొనాల్డ్ రోయర్ వంటి పరిశోధకులు పూల మీద కన్నా నేల దగ్గరి తేమ మీద, మట్టి గుణం మీద ఎక్కువ దృష్టి పెట్టడానికి కారణం ఇదే. పెద్ద సీతాకోకచిలుకలకు ఆ మూడు వారాలూ తేనె కావాలి, నిజమే; నీరు కూడా వాటికి చాలావరకు తేనె నుంచే అందుతుంది. కాని లార్వా గూడు ఎండిపోయే నేల మీద ఎన్ని పూలు ఉన్నా ప్రయోజనం లేదు.

డకోటా స్కిప్పర్ కనిపించే నేలలు రెండు రకాలు. ఒకటి, హిమయుగపు సరస్సులు ఎండిపోగా మిగిలిన పల్లపు నేల. అది సమతలంగా, కొంచెం తేమగా ఉంటుంది, బ్లూస్టెమ్ గడ్డి మధ్య వుడ్ లిల్లీ, నీలిగంటల్లాంటి హేర్‌బెల్, కామాస్ పూస్తాయి. రెండోది, హిమానీనదాలు తెచ్చి పోసిన కంకర దిబ్బల మీది పొడి గడ్డినేల. అక్కడ బ్లూస్టెమ్‌తో పాటు సూదిగడ్లు ఉంటాయి, ఊదారంగు కోన్‌ఫ్లవర్, గైలార్డియా కుటుంబపు పూలు తేనెనిస్తాయి. మినెసోటా, దక్షిణ డకోటా సరిహద్దు వెంబడి ప్రెయిరీ కోటో అనే ఎత్తైన నేల ఉంది. గుండ్రాళ్ల దిబ్బలు, వాలు గుట్టలు కావడం వల్ల దాని వాలుల్లో చాలా భాగం దున్నకుండా పశువుల మేతకే మిగిలింది. నేటి డకోటా స్కిప్పర్ల బలమైన స్థావరాల్లో అదొకటి. ఇల్లినాయ్‌లో ఈ జాతి చివరిసారి 1888లో కనిపించింది, అయోవాలో 1992లో. ఈనాడు అది పశ్చిమ మినెసోటా, రెండు డకోటాలు, దక్షిణ మానిటోబా, ఆగ్నేయ సస్కాచెవాన్‌లకు పరిమితం.

పవషీక్ స్కిప్పర్లింగ్ అలవాటు ఇంకొంచెం వేరు, ఆ చిన్న తేడాయే దాని పాలిట శాపమైంది. దీని లార్వా మట్టిలో గూడు కట్టదు. చలికాలమంతా గడ్డి ఆకును, కాడను పట్టుకుని నేలకు పైనే ఉంటుంది. మంచు కప్పితే ఆ మంచే దానికి దుప్పటి. మంచు పలచగా పడిన ఏడాది నేరుగా గాలికి, చలికి ఎదురు నిలవాలి. ప్రెయిరీల్లో ఇది సన్నటి ఆకుల డ్రాప్‌సీడ్ గడ్డి మీద, లిటిల్ బ్లూస్టెమ్ మీద బతికేది. మిషిగన్‌లో మ్యాట్ మ్యూలీ అనే సన్నగడ్డి మీద బతుకుతోంది.

ఇక్కడి నుంచే నిప్పు ప్రశ్న మొదలవుతుంది. ప్రెయిరీ సంరక్షణలో దీనికి మించిన చిక్కు లేదు. నిప్పు లేకుండా పొడవుగడ్డి ప్రెయిరీ లేదు. మెరుపులు, అంతకన్నా ఎక్కువగా స్థానిక జాతుల ప్రజలు పెట్టిన నిప్పులు, పొదలూ చెట్లూ గడ్డిని మింగేయకుండా వేల ఏళ్లు కాచాయి. కాలిన చోట మొలిచిన లేతగడ్డి కోసం అడవిదున్నల మందలు వచ్చేవి. మేసిన చోట తరువాతి ఏడాది కాలడానికి ఎండుగడ్డి ఉండేది కాదు, మేయనిచోటే కాలేది. ఇలా మైళ్ల కొద్దీ నేల మీద కాలినవి, మేసినవి, ముట్టనివి అతుకుల బొంతలా పక్కపక్కన ఉండేవి. కాలిన అతుకులో స్కిప్పర్లన్నీ చనిపోయినా, పక్క అతుకు నుంచి తరువాతి ఏళ్లలో వచ్చి చేరేవి. సాధారణంగా కిలోమీటరు దాటి ఎగరని జీవికి కూడా ఆ ప్రపంచంలో అది చాలేది.

ఆ బొంత చిరిగి ఒక్క అతుకే మిగిలితే అదే నిప్పు పని మారిపోతుంది. నలభై యాభై ఎకరాల ప్రెయిరీ తునక చుట్టూ అన్ని దిక్కులా మొక్కజొన్న, సోయాబీన్ ఉంటుంది. దాన్ని ఒకే వసంతంలో మొత్తం కాలిస్తే గడ్డి జూన్‌కల్లా మరింత ఏపుగా లేస్తుంది, పూలు ఎక్కువ పూస్తాయి, ఫొటోల్లో ఆ నేల చాలా బాగుంటుంది. పవషీక్ లార్వాలు మాత్రం ఒక్కటీ మిగలవు, వాటి స్థానంలోకి వచ్చేందుకు కిలోమీటరు దూరంలో మరో తునక ఉండదు. మొక్కల కోసం గడ్డినేలలు కాపాడుతున్న సంస్థలు ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో నిప్పును ప్రధాన సాధనంగా వాడాయి. మొక్కల దృష్టితో చూస్తే అది సరైన పనే, వాళ్ల నిజాయితీని శంకించవలసిన పని లేదు. కాని మొక్కకు నేలలో వేరు ఉంది, లార్వాకు లేదు.

ఈ విషయం మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. విస్కాన్సిన్‌లో ఆన్ స్వెంగెల్, స్కాట్ స్వెంగెల్ దంపతులు దశాబ్దాల తరబడి గడ్డినేలల్లో నడుస్తూ సీతాకోకచిలుకలను లెక్కించి, ప్రెయిరీకే పరిమితమైన స్కిప్పర్లు తరచుగా కాల్చే చోట్ల తక్కువగా, కోత కోసే చోట్ల, నెమ్మదిగా మేసే చోట్ల ఎక్కువగా ఉంటున్నాయని వాదించారు. ఇల్లినాయ్ పరిసరాల్లోని చిన్న రక్షిత ప్రాంతాల్లో పురుగుల మీద పనిచేసిన రాన్ పాంజర్, చాలా జాతులు కాలిన తరువాత ఒకటి రెండేళ్లలో కోలుకుంటాయని, నేలను ముక్కలుగా విభజించి వంతులవారీగా కాలిస్తే నష్టం తట్టుకోదగినదేనని చూపించాడు. రెండూ నిజం కావచ్చు. చాలా జాతులు కోలుకోవడం వేరు, ఏడాదికి ఒకే తరం, దగ్గరలో బంధువులు లేరు, లార్వా నేలకు పైనే ఉంటుంది అనే మూడు బలహీనతలూ ఒకేచోట కలిసిన జాతి కోలుకోవడం వేరు. సగటు లెక్కలో అలాంటి జాతి కనిపించకుండా పోతుంది.

ఎప్పుడు కాల్చారన్నదీ ముఖ్యమే. మినెసోటాలోని హోల్-ఇన్-ది-మౌంటెన్ ప్రెయిరీలో రాబర్ట్ డానా డకోటా స్కిప్పర్, ఆటో స్కిప్పర్ జాతుల మీద చేసిన పరిశోధన 1991లో వెలువడింది. ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్నే మొదట చూస్తారు. వసంతం ఆరంభంలో డకోటా లార్వా మట్టిలోని గూటిలో ఉంటుంది కాబట్టి వేగంగా సాగిపోయే మంట దాన్ని కొంతవరకు వదిలేయవచ్చు. వసంతం ముదిరి, లార్వా పైకి వచ్చి మేయడం మొదలెట్టాక అదే మంట ప్రాణాంతకం. నాలుగైదు వారాల తేడాలో ఒక జాతి ఉండడం, ఊడ్చుకుపోవడం తేలిపోతుంది. మనుషుల సెలవులూ వాతావరణమూ చూసుకుని నిప్పు పెట్టే రోజు నిర్ణయించే చోట ఈ నాలుగైదు వారాలను గుర్తుంచుకోవడం అంత తేలిక కాదు.

నిప్పు వద్దనుకుంటే మేత ఉంది, కోత ఉంది. మానిటోబాలోని ఇంటర్‌లేక్ ప్రాంతంలో డకోటా స్కిప్పర్లు మిగిలింది ప్రభుత్వ రక్షణ వల్ల కాదు. అక్కడి రైతులు దున్నని గడ్డినేలల నుంచి వేసవి చివర్లో ఎండుగడ్డి కోసుకునే పాత అలవాటు వల్ల. అప్పటికి పెద్ద సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేసి ఉంటాయి, పూలు అయిపోయి ఉంటాయి, లార్వాలు దుబ్బు మొదట్లో కత్తికి అందనంత కిందికి దిగి ఉంటాయి. అదే కోత జూన్ చివర్లో పడితే తేనె పోతుంది, గుడ్లు పోతాయి. పశువుల విషయమూ అంతే. మంద తక్కువగా ఉండి గడ్డిని తిరిగి ఎదగనిస్తే దుబ్బులు బతుకుతాయి, పూలు బతుకుతాయి. మేత మితిమీరితే దుబ్బు మొదలు తొక్కుడుకు గట్టిపడి లార్వాలకు చోటుండదు. అమెరికా ప్రభుత్వం 2014 అక్టోబరులో పవషీక్ స్కిప్పర్లింగ్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా, డకోటా స్కిప్పర్‌ను ముప్పు పొంచి ఉన్న జాతిగా ప్రకటించినప్పుడు, డకోటా స్కిప్పర్ ఉన్న ప్రైవేటు నేలల్లో మామూలుగా సాగే పశువుల మేత వల్ల జరిగే నష్టాన్ని నేరంగా చూడకుండా ఒక ప్రత్యేక నిబంధన చేర్చింది. కొందరికి ఇది రాజీలా కనిపించింది. దీని వెనక ఆలోచన మాత్రం గట్టిదే. మేత గిట్టుబాటు కాని రైతు ఆ నేలను దున్ని సోయాబీన్ వేస్తాడు, అప్పుడు కాపాడడానికి ఏమీ ఉండదు. పశువు స్కిప్పర్‌కు కొంత హాని చేస్తుంది, నాగలి పూర్తిగా చేస్తుంది.

నిప్పు, మేత రెండూ ఆపేసి ఊరుకుంటే ఏమవుతుందో కూడా చూశారు. మూడు నాలుగేళ్లలో ఎండుగడ్డి దట్టంగా పేరుకుని, దాని కింద కెంటకీ బ్లూగ్రాస్, స్మూత్ బ్రోమ్ అనే యూరప్ నుంచి వచ్చిన గడ్లు అల్లుకుంటాయి. పేరులో కెంటకీ ఉన్నా బ్లూగ్రాస్ ఆ నేలది కాదు. బ్లూస్టెమ్ జొన్నకు బంధువైతే ఇవి గోధుమకు బంధువులు. చలి ఉండగానే మొలిచి, వసంతంలో నేలనంతా ఆక్రమించి, ఎండలు ముదిరేసరికి ముదిరి గట్టిపడతాయి. సరిగ్గా అప్పుడే, జులై ఆగస్టుల్లో, గుడ్డులోంచి వచ్చిన స్కిప్పర్ పిల్లకు లేత ఆకు కావాలి. మండుటెండలో పచ్చగా ఉండగల జొన్న బంధువులే ఆ సమయంలో దాన్ని పోషించగలవు. పైగా బ్రోమ్ దుబ్బుగా కాక చాపలా పరుచుకుంటుంది, దుబ్బుల మధ్య పూలకు చోటివ్వదు. దూరం నుంచి చూసేవారికి రెండూ పచ్చగడ్డే. 1985 తరువాత అమెరికా ప్రభుత్వం రైతులకు డబ్బిచ్చి సాగు మాన్పించిన లక్షల ఎకరాల్లో చాలాచోట్ల నాటించినది ఈ బ్రోమే. నేల కోతను ఆపడానికి అది పనికొచ్చింది, స్కిప్పర్లకు పనికిరాలేదు.

మొదట వేసుకున్న ప్రశ్నకు, అంటే 2000 తరువాత అంత హఠాత్తుగా ఎందుకు అన్నదానికి, మరో అనుమానితుడు ఉన్నాడు. 2000లో ఆసియా నుంచి వచ్చిన సోయాబీన్ పేనుబంక అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో మొదటిసారి బయటపడింది. అంతకు ముందు సోయాబీన్ మీద పెద్దగా పురుగుమందు కొట్టని ప్రాంతాల్లో జులై చివర, ఆగస్టులో విమానాలతో, ట్రాక్టర్లతో మందు కొట్టడం మామూలైంది. అందులో ఎక్కువగా వాడిన మందుల్లో క్లోరిపైరిఫాస్ ఒకటి. ఆ పేరు తెలియని తెలుగు రైతు ఉండడు. అది కొట్టే సమయానికి స్కిప్పర్ లార్వాలు అప్పుడే పుట్టి గడ్డి ఆకుల మీద ఉంటాయి. మినెసోటాలో పరిశోధకులు సోయాబీన్ పొలాల పక్కనున్న గడ్డినేలల్లో నమూనాలు తీస్తే పొలం అంచు నుంచి 400 మీటర్ల లోపల కూడా మందు అవశేషాలు దొరికాయి. నలభై ఎకరాల చదరపు నేల ఒక్కో వైపు పొడవు సుమారు 400 మీటర్లు. అంటే అంత నేలలో గాలివాటం మందు చేరని మూల ఉండకపోవచ్చు. అదే కాలంలో విత్తనాలకే పట్టించే నియోనికోటినాయిడ్ మందులూ వ్యాపించాయి. స్కిప్పర్లను చంపింది ఇవేనని ఏ ఒక్క స్థావరంలోనూ వేలెత్తి చూపే సాక్ష్యం లేదు. చనిపోయిన లార్వాను గడ్డిలో వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అయినా పేనుబంక వచ్చిన కాలం, పవషీక్ స్కిప్పర్లింగ్ ఒక్కో తునక నుంచి మాయమైన కాలం ఇంత దగ్గరగా ఉండడాన్ని పక్కన పెట్టడం కష్టం. ఎక్కువ నమ్మదగిన వివరణ ఏమిటంటే, చిన్నబడి విడిపోయిన తునకల్లో నిప్పు, కరువు, మంచు లేని చలికాలం, మందు తుంపర ఒక్కో ఏడాది ఒక్కోటి దెబ్బ తీస్తూ పోయాయి, మధ్యలో తిరిగి నింపేందుకు పక్కన ఎవరూ లేకపోయారు.

గడ్డినేలను నేలగా కాక ఖాళీగా చూడడం ఈ కథలో అడుగడుగునా కనిపిస్తుంది. తెలుగులోనూ దున్నని గడ్డినేలకు వాడుకలో ఉన్న మాటలు బీడు, బంజరు. రెండింట్లోనూ ఏదో లోటు ఉందన్న అర్థమే పలుకుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్ళపాడు గడ్డినేలలను 1988లో బట్టమేక పిట్ట కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చుట్టూ సాగు మారి, నీటిపారుదల వచ్చి, గడ్డినేల కుంచించుకుపోయాక ఆ పిట్ట అక్కడ కనబడడం మానేసింది. పిట్ట వేరు, పురుగు వేరు, ఖండం వేరు. రక్షిత ప్రాంతపు హద్దు గీయడంతో పని అయిపోదన్నది మాత్రం రెండు చోట్లా ఒకటే.

చట్టపు రక్షణ వచ్చేనాటికి పవషీక్ స్కిప్పర్లింగ్‌కు మిగిలిన సమయం చాలా తక్కువ. మినెసోటా జంతు ప్రదర్శనశాల 2012లో ప్రెయిరీ సీతాకోకచిలుకల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టి ముందుగా డకోటా స్కిప్పర్‌ను పెంచడం నేర్చుకుంది. కుండీల్లో ప్రెయిరీ గడ్డి పెంచి, దాని మీద లార్వాలను వదిలి, చలికాలంలో వాటిని గడ్డకట్టే చలి గదుల్లో ఉంచి, వసంతంలో మళ్లీ బయటికి తీసేవారు. అలా పెంచినవాటిని 2017 నుంచి, ఒకప్పుడు డానా పరిశోధించిన హోల్-ఇన్-ది-మౌంటెన్ ప్రెయిరీలో వదిలారు. ఆ జాతి అక్కడి నుంచి అప్పటికే మాయమై ఉంది. పవషీక్ విషయంలో వదలడానికే పెద్దగా మిగల్లేదు. మిషిగన్‌లో, మానిటోబాలో గడ్డినేలల్లో పట్టిన కొన్ని ఆడ సీతాకోకచిలుకల చేత గుడ్లు పెట్టించి, ఆ గుడ్లను మినెసోటాలో, విన్నిపెగ్‌లోని అసినిబోయిన్ పార్క్ జంతు ప్రదర్శనశాలలో, తరువాత మిషిగన్‌లోని జాన్ బాల్ జంతు ప్రదర్శనశాలలో పెంచి, మరుసటి ఏడాది తల్లులను పట్టిన ప్రాంతాల్లోనే వదులుతున్నారు. ప్రకృతిలో గుడ్డు నుంచి రెక్కల దాకా చేరేవి చాలా కొద్ది. సంరక్షణలో అంతకన్నా ఎన్నో రెట్లు చేరతాయి. అదే ఈ పద్ధతి బలం.

మిషిగన్‌లో అవి తిరిగి చేరే నేల మామూలు ప్రెయిరీ కాదు. ఫెన్ అని పిలిచే ఊటచిత్తడి అది. సున్నం కలిసిన చల్లటి భూగర్భ జలం ఏడాది పొడవునా పైకి ఊరుతూ ఉంటుంది, అందువల్ల అక్కడ చెట్లు ఎదగలేవు, పొట్టి గడ్డి, తుంగ, పసుపుపచ్చ పూల సింక్‌ఫాయిల్ పొదలు మాత్రమే నిలబడతాయి. తడి నేల కావడం వల్ల నాగలి రాలేదు, నిప్పు కూడా మొత్తంగా పాకదు. పవషీక్ చివరికి ఇక్కడే మిగలడానికి కారణం అదే కావచ్చు. ఊట తగ్గితే గ్లాసీ బక్‌థార్న్ పొదలు కమ్ముకుంటాయి, పోషకాలు కలిసిన మురుగునీరు చేరితే జమ్ము పెరిగి మ్యాట్ మ్యూలీని మింగేస్తుంది. సంరక్షకులు బక్‌థార్న్‌ను నరకగలరు, జమ్మును పీకగలరు. కాని ఆ ఊటకు నీరు పుట్టేది కంచె లోపల కాదు. చుట్టూ ఎత్తున ఉన్న ఇసుక, కంకర దిబ్బల మీద పడిన వాన నేలలోకి ఇంకి, నెమ్మదిగా కిందికి జారి, ఫెన్‌లో పైకి తేలుతుంది. ఓక్లాండ్ కౌంటీ డెట్రాయిట్ నగర శివారు. ఆ దిబ్బల మీద ఇప్పుడు ఇళ్లు, రోడ్లు, బోరుబావులు ఉన్నాయి.